బంగారు గడప దాటాక...

యూనివర్సిటీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒక పెద్ద గేటు, గేటు ముందు బస్‌స్టాపు, లోపల ఎక్కడో చెట్ల మధ్య కనీకనిపించని భవనాలు. అమ్మాయికో అబ్బాయికో సీటొస్తే ఆ గేటుదాకా వెళ్లి దిగబెట్టి వస్తాం. హాస్టలు గది గాలీ వెలుతురూ ఉన్నదేనా, మెస్సులో కూరలు ఎలా ఉంటాయి అని అడుగుతాం. అంతటితో మన పని అయిపోయిందనుకుంటాం. అసలా సంస్థ ఎందుకు పుట్టింది, ఎవరి డబ్బుతో నడుస్తోంది, లోపల ఎవరి మాట చెల్లుతుంది అని మాత్రం అడగం. పెళ్లి సంబంధం వస్తే ఏడు తరాల ఆరా తీసే మనం, పిల్లని అయిదారేళ్లు అప్పగించే చోటు గురించి ఒక్క ఆరా కూడా తీయకపోవడం వింతే మరి!

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఎమ్మేలూ ఎమ్మెస్సీలూ పూర్తిచేసిన ఆడపిల్లల ఇళ్లల్లో ఏటా వినబడే సంభాషణ ఒకటుంది. "ఎమ్మే అయిందిగా, ఇంకా ఆ రీసెర్చి ఎందుకమ్మా? అది ఎప్పటికి తేలేను? నీ పెళ్లెప్పుడు?" అని తల్లి. "పిహెచ్.డి. చేసిన పిల్లకి అంతకంటే ఎక్కువ చదివిన మొగుణ్ణి ఎక్కడ తెచ్చేది?" అని మేనత్త. ఇద్దరికీ పిల్ల మీద ప్రేమ లేక కాదు. లోపల ఏముందో తెలియక. తెలియని చోటంటే ఎవరికైనా భయమే కదా. అందుకే ఈ వారం ఒక యూనివర్సిటీ సంగతి ఇంటి కబురులా చెప్పుకుందాం అనిపించింది. అది మన హైదరాబాద్ విశ్వవిద్యాలయం. జనం నోట్లో నలిగిన పేరు 'సెంట్రల్ యూనివర్సిటీ'.

ఇది ఏ జమీందారో దానం చేస్తే వెలిసింది కాదు, ఏ పాలకుడి పుట్టినరోజు కానుకా కాదు. గొడవలోంచి పుట్టింది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యమం వచ్చింది. 1972లో ముల్కీ నిబంధనల మీద కోర్టు తీర్పు తర్వాత కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. రెండిటి నినాదాలూ వేరు కావచ్చు గానీ, రెండిటి కడుపులో ఉన్న బాధ ఒకటే. మా పిల్లలకి చదువుకోవడానికి సీట్లేవీ? చదివినవాళ్లకి ఉద్యోగాలేవీ? పోలీసు కాల్పుల్లో రెండు వైపులా చదువుకునే వయసు పిల్లలు పోయారు. ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది తల్లులు ఏడ్చారో ఆ తరం వాళ్లకి ఇంకా గుర్తే. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు. ఆ ఏడాది సెప్టెంబరులో అన్ని ప్రాంతాల నాయకులూ కూర్చుని ఆరు సూత్రాల పథకానికి ఒప్పుకున్నారు. ఉన్న విద్యా సౌకర్యాలను పెంచడానికి హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్నది అందులో రెండో సూత్రం.

ఆ మాటని గాలికి వదిలేయలేదు. రాజ్యాంగాన్నే సవరించారు. 32వ సవరణతో 371-ఇ అనే అధికరణం చేర్చారు. రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం పెట్టడానికి పార్లమెంటు చట్టం చేయవచ్చు అన్నదే ఆ అధికరణం చెప్పే ముక్క. రాజ్యాంగంలో కేంద్రం అధికారాల జాబితా తీసి చూస్తే బెనారస్, అలీగఢ్, ఢిల్లీ యూనివర్సిటీల పక్కనే ఈ 371-ఇ యూనివర్సిటీ కూడా కనిపిస్తుంది. పార్లమెంటు చట్టం చేశాక 1974 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది. తొలి వైస్‌ఛాన్సలర్ రసాయన శాస్త్రవేత్త గురుభక్ష్ సింగ్.

చట్టమైతే వచ్చింది, మరి కూర్చోడానికి చోటేదీ? ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట ఒకటుంది. అబిడ్స్‌లో ఉన్న సరోజినీ నాయుడు గారి ఇల్లే ఆ యూనివర్సిటీకి మొదటి గూడు అయింది. ఆ ఇంటి పేరు 'గోల్డెన్ త్రెషోల్డ్'. అంటే బంగారు గడప. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరూ అదే. సరోజిని కుమార్తె, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేసిన పద్మజా నాయుడు ద్వారా ఆ ఇల్లు యూనివర్సిటీకి దక్కింది. తర్వాత ఊరి బయట గచ్చిబౌలిలో బండరాళ్లూ చెరువులూ ఉన్న సుమారు 2,300 ఎకరాల స్థలంలోకి యూనివర్సిటీ తరలింది. అప్పట్లో అది అడవిలాంటి చోటు. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలే.

ఆ ఇంటి సంగతి ఇంకొంచెం ఆలోచించండి. 1895లో సరోజినికి పదహారేళ్లు. నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లింది. లండన్‌లో కింగ్స్ కాలేజీ, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో గిర్టన్ కాలేజీ. చదువు మధ్యలో ఉండగానే 1898లో తిరిగొచ్చింది, డిగ్రీ చేతికి రాలేదు. ఆ ఏడాదే డాక్టర్ గోవిందరాజులు నాయుడుతో పెళ్లయింది. సరోజిని మహాకవయిత్రి అయింది, కాంగ్రెస్ అధ్యక్షురాలైంది, గవర్నరైంది కాబట్టి డిగ్రీ లేని లోటు ఎవరికీ కనబడలేదు. మన ఇళ్లల్లో మధ్యలో ఆగిపోయిన చదువులు మాత్రం అలాగే ఆగిపోతాయి. అలాంటి ఆవిడ గడపలోనే అందరికంటే పెద్ద డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పుట్టడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించదు.

మరి దీనికీ మనూళ్లో ఉన్న డిగ్రీ కాలేజీకీ తేడా ఏమిటి? డిగ్రీ కాలేజీ పని ముఖ్యంగా పాఠం చెప్పడం. పరిశోధనా విశ్వవిద్యాలయం పని పాఠం చెప్పడమే కాదు, రేపటి పాఠాన్ని తయారుచేయడం. ఒక మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో, తెలుగు మాట ఏ మూలంలోంచి వచ్చిందో, కరువు వచ్చిన ఊళ్లో ఆడవాళ్లు ఏం చేసి బతికారో కనిపెట్టి రాసేది అక్కడే. సెంట్రల్ యూనివర్సిటీని మొదట పి.జి., పరిశోధన కోసమే పెట్టారు. తర్వాత తర్వాత ఇంటర్ పాసైన పిల్లలకి అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు కూడా వచ్చాయి. ఇక్కడ వైస్‌ఛాన్సలర్లుగా చేసినవాళ్లలో మన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉన్నారు. 1986 నుంచి 1993 దాకా ఆయనే. 2019లో కేంద్రం ఈ యూనివర్సిటీకి 'ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్' హోదా ఇచ్చింది.

ఇక లోపలి సంసారం సంగతి. అన్నిటికంటే పైన రాష్ట్రపతి. ఆయన్ని గానీ ఆమెని గానీ 'విజిటర్' అంటారు. పేరుకి విజిటరే గానీ వైస్‌ఛాన్సలర్ని నియమించేది ఆ సంతకమే. ఒక కమిటీ కొన్ని పేర్లు ఇస్తుంది, అందులోంచి ఒకరిని ఎంచుతారు. రాష్ట్ర గవర్నరు 'చీఫ్ రెక్టర్'. ఛాన్సలర్ స్నాతకోత్సవం నాడు కనిపించే పెద్దమనిషి. రోజూ ఇల్లు నడిపే చెయ్యి వైస్‌ఛాన్సలర్‌ది. ఆ కింద కాగితాలూ సంతకాలూ చూసే రిజిస్ట్రారు, లెక్కలు చూసే ఫైనాన్స్ ఆఫీసరు, పరీక్షలు చూసే కంట్రోలరు ఉంటారు.

ఒక్కరి చేతిలోనే అంతా ఉండకూడదని సభలు కొన్ని పెట్టారు. 'కోర్టు' అని ఒకటుంది. వకీళ్లూ బోనూ ఉండే కోర్టు కాదది, యూనివర్సిటీ మంచిచెడ్డలు సమీక్షించే పెద్ద సభ. 'ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్' అసలైన అధికార సభ. లెక్చరర్ల నియామకాలు, డబ్బు, నియమాలు అన్నీ దాని దగ్గరే తేలాలి. 'అకడమిక్ కౌన్సిల్' చదువు విషయం చూస్తుంది. ఏ కోర్సు ఉండాలి, ఏ పాఠం ఉండాలి అన్నది దాని పని. ఆ కింద 'స్కూళ్లు'. స్కూలంటే ఒకటో తరగతి బడి కాదు, దగ్గరి దగ్గరి శాఖలన్నీ ఒక గొడుగు కింద చేర్చిన విభాగం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్, హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ ఇలా. నాట్యం, నాటకం, చిత్రలేఖనం నేర్పే స్కూలుకి సరోజినీ నాయుడు పేరే పెట్టారు. స్కూలుకి డీన్, డిపార్టుమెంటుకి హెడ్. వంతులవారీగా మారుతుంటారు. మన తెలుగు శాఖ ఉండేది హ్యుమానిటీస్ స్కూల్లో.

ఈ పేర్లన్నీ మనకెందుకు అంటారేమో. చెప్తాను. ఊళ్లో కరెంటు పోతే లైన్‌మన్ దగ్గరికి వెళ్లాలా, ఏ.ఈ. దగ్గరికి వెళ్లాలా అని మనకి తెలుసు. రేషను రాకపోతే ఎవరిని నిలదీయాలో తెలుసు. మరి పిల్ల ఫోనులో గొంతు పూడుకుపోయి "గైడు ఆర్నెల్లుగా నా చాప్టరు చూడ్డం లేదమ్మా" అంటే ఏ తలుపు తట్టాలో మనకి తెలుసా? "పోన్లే, సర్దుకో" అనడం ఒక్కటే వచ్చు. సర్దుకోవడం అన్న మందు ఆడపిల్లకి పుట్టినప్పటినుంచీ పడుతూనే ఉన్నాం. అది అన్ని జబ్బులకీ పనిచేయదు.

తట్టాల్సిన తలుపులు ఇవి. పరిశోధకురాలికి గైడు ఒక్కడే దిక్కు కాదు. ఆమె పని ఎంతవరకు వచ్చిందో ప్రతి సెమిస్టరూ చూడాల్సిన రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఒకటి ఉంటుంది. అక్కడ చెప్పుకోవచ్చు. ఆ పైన హెడ్, ఆ పైన డీన్. యూజీసీ 2023లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, ఆ పైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. ఫిర్యాదు ఏదైనా నోటితో కాకుండా కాగితం మీద, తేదీ వేసి, నకలు దగ్గర పెట్టుకుని ఇవ్వమని పిల్లకి చెప్పండి. ఎవరైనా వెకిలివేషాలు వేస్తే, అసహ్యంగా ప్రవర్తిస్తే, దానికి వేరే తలుపుంది. 2013 చట్టం, 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పెట్టిన ఇంటర్నల్ కమిటీ అది. దానికి అధ్యక్షురాలు ఒక సీనియర్ మహిళా అధ్యాపకురాలే అయివుండాలి. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. ఈ రెండు అంకెలూ వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టుకోదగ్గవి.

ఇక పెళ్లి, పిల్లలు, అత్తవారిల్లు. రీసెర్చి అంటే భయపడేది ఎక్కువగా వీటికోసమే కదా. నిబంధనలు మనం అనుకున్నంత కఠినంగా ఏమీ లేవు. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, మామూలుగా ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. ఆ పైన పొడిగింపులు ఉన్నాయి. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు కలుపుకుని మొత్తం పదేళ్ల దాకా పోవచ్చు. ప్రసూతి కోసమో, బిడ్డ సాకుడు కోసమో 240 రోజుల సెలవు ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామందికి తెలియనిది ఇంకొకటి. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సివస్తే, ఆమె అప్పటిదాకా చేసిన పరిశోధనని అక్కడి యూనివర్సిటీకి మార్చుకోనివ్వాలని నిబంధనల్లోనే రాసి ఉంది. అంటే "అబ్బాయిది పూనా, ఇక చదువు మానెయ్" అనాల్సిన పనే లేదు. సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం లెక్కలు ఆపి ఈ సంగతి మాట్లాడుకుంటే ఎంత బావుంటుంది!

డబ్బు మాటకొస్తే, నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. తెచ్చుకున్నవాళ్లకి 2023 జనవరి నుంచి పెంచిన ప్రకారం నెలకి రూ. 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్పు కింద రూ. 42,000. దాని వయో పరిమితిలో ఆడవాళ్లకి అయిదేళ్ల సడలింపు ఉంది. పెళ్లయి, బిడ్డ బడికెళ్లే వయసొచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన అమ్మాయికి ఆ అయిదేళ్లు ఎంత విలువైనవో నేను వేరే చెప్పక్కర్లేదు. ఇది ఎవరి దయా కాదు. కేంద్ర విశ్వవిద్యాలయం నడిచేది ప్రభుత్వ నిధులతో. అంటే మనం కొనే సబ్బుబిళ్ల మీద కట్టే పన్నులో ఓ పిసరు అక్కడికీ పోతోంది. మన సొమ్ముతో వెలిగే దీపం కింద మన పిల్ల కూర్చుని చదువుకుంటే మొహమాటం దేనికి?

నిజానికి ఆడపిల్లలు మొహమాటం వదిలేస్తున్నారు. దేశం మొత్తం మీద పిహెచ్.డి. చేస్తున్న ఆడవాళ్లు 2014-15లో సుమారు 48 వేలు. 2021-22 నాటికి ఆ సంఖ్య దాదాపు 99 వేలు. మొత్తం 2.13 లక్షల మందిలో సగానికి కాస్త తక్కువ. ఏడేళ్లలో రెట్టింపు! ఇంట్లో ఎంత నస పెట్టినా పిల్లలు చదువుతున్నారన్నమాట.

అంతా బంగారమేనని నేను చెప్పడం లేదు. 2016 జనవరిలో ఇదే యూనివర్సిటీలో రోహిత్ వేముల అనే పరిశోధక విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. చదువుల గుడిలో కులం చూపించే ముఖం ఏమిటో అప్పుడు దేశమంతా మాట్లాడింది. ఒంటిచేత్తో బిడ్డని అంతదాకా చదివించిన తల్లి రాధిక వీధికెక్కి న్యాయం అడగాల్సి వచ్చింది. పేదింటినుంచి, అణగారిన కులంనుంచి వచ్చిన పిల్లకి సీటివ్వడంతోనే బాధ్యత తీరదు. ఆమె మాట వినే చెవి లోపల ఉండాలి. 2025 మార్చి చివర్లో, కంచ గచ్చిబౌలిలో యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లు కొట్టేశాయి. ఆ భూమి తనదని రాష్ట్ర ప్రభుత్వం, కొట్టొద్దని విద్యార్థులు. ఆడపిల్లలు కూడా రోడ్డు మీద కూర్చున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. భూమి కాగితాలు ఎవరి పేరున ఉన్నా, నెమళ్లూ జింకలూ తిరిగే చోటు ఒకటి నగరంలో మిగలాలని అడగడంలో తప్పేముంది? యూనివర్సిటీ పిల్లలకి సిలబస్‌లో లేని పాఠం కూడా వస్తుందని ఆ వారంలో తెలిసింది.

నా మనసులో ముల్లులా గుచ్చుకునే సంగతి ఇంకొకటుంది. ఒక కవయిత్రి ఇంట్లో పుట్టిన ఈ యూనివర్సిటీ 2024లో యాభై ఏళ్లు నిండించుకుంది. ఆ యాభై ఏళ్లలో పూర్తికాలపు వైస్‌ఛాన్సలర్ కుర్చీలో ఒక్క మహిళ కూడా కూర్చోలేదు. ఇక్కడే కాదు. 1920లో అలీగఢ్ యూనివర్సిటీ తొలి ఛాన్సలర్ భోపాల్ బేగం సుల్తాన్ జహాన్. ఆడమనిషే. కానీ అక్కడ ఒక మహిళ వైస్‌ఛాన్సలర్ కావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీలో 2022లో గానీ కాలేదు. అలంకారానికి పెద్దపీట వేయడం, తాళంచెవులు మాత్రం ఇవ్వకపోవడం! ఇది మన ఇళ్లల్లో ఎరగని తంతు కాదుగా.

తాళంచెవులు ఊరికే రావు. ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్లో ఆడవాళ్లు కూర్చోవాలంటే ముందు ప్రొఫెసర్లు కావాలి. ప్రొఫెసరు కావాలంటే ముందు పిహెచ్.డి. పూర్తికావాలి. పిహెచ్.డి. పూర్తికావాలంటే ఎక్కడో ఒంగోల్లోనో, నిజామాబాద్‌లోనో, మదనపల్లెలోనో ఒక తల్లి "కానీవే, చూద్దాం" అనాలి. ఢిల్లీలో రాష్ట్రపతి పెట్టే సంతకం ఎంత ముఖ్యమో, మన వంటింట్లో పలికే ఆ రెండు మాటలూ అంతే ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంలో 2018 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం నడుస్తోంది. విజయనగరం వైపు గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. తెలంగాణలో ములుగుకి సమ్మక్క సారక్క పేరుతో గిరిజన విశ్వవిద్యాలయం కోసం 2023లో చట్టం చేశారు. కొత్త ఇళ్లు. వీటిలో పద్ధతులు ఇప్పుడే కుదురుకుంటున్నాయి. ఇప్పుడు అడిగితేనే మన మాట చెల్లుతుంది. ఈసారి పిల్లని హాస్టల్లో దిగబెట్టడానికి వెళ్లినప్పుడు మంచం, ఫ్యాను చూశాక ఇంకో మూడు ప్రశ్నలు కూడా వేయండి. మీ ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారు? ఫిర్యాదుల కమిటీ ఎక్కడ కూర్చుంటుంది? మీ కౌన్సిల్లో ఆడవాళ్లెంతమంది? జవాబు చెప్పేవాళ్లు తడుముకుంటే ఏం ఫర్వాలేదు. మరుసటేడు వచ్చే తల్లి అడిగేసరికి నేర్చుకుని ఉంటారు.